మారని తప్పుకు ఓటు: సొంతంగా కట్టిన విమానంలో మాగ్నెటోమీటర్‌కు చోటు వెతికిన కేసు

ఈ కేసులో ఒక తప్పు విమానం కట్టిన మనిషిది, ఇంకొకటి నాది. ఆయన చేసింది చాలామంది చేసేదే. నాది మాత్రం పాతికేళ్లు విమానాల ఎలక్ట్రానిక్ పరికరాల మధ్య గడిపినవాడు చేయకూడనిది. ఇది రాసి పెట్టడానికి అదే కారణం. మనిషి పేరు, ఊరు, విమానం రిజిస్ట్రేషన్, అనుమతుల సంగతి, ఎగిరిన చోటు ఇందులో ఉండవు. ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి వైపు అని మాత్రం చెబుతాను. ఆ నేలకు ఈ కేసులో పని ఉంది.

నేపథ్యం

ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడే కుటుంబం. తాతల నాటి బియ్యం మిల్లు మూతపడ్డాక, ఆ షెడ్డులోనే ఏడేళ్లుగా రెండు సీట్ల విమానం కడుతున్నారు. ఆయనను నిర్మాత అనాలి. కానీ ఆ మాటను మనం ఏనాడో సినిమావాళ్లకు రాసిచ్చేశాం కాబట్టి యజమాని అంటాను.

రెక్కలు పైన ఉండి, తోక చక్రం మీద కూర్చునే రకం విమానం అది. ఒళ్లంతా క్రోమాలీ స్టీలు గొట్టాలను వెల్డు చేసిన చట్రం, దాని మీద గుడ్డ. రెక్కల్లో స్పార్లు (రెక్క పొడవునా పోయే దూలాలు), రిబ్బులు (వాటికి అడ్డంగా ఉండి రెక్కకు ఆకారం ఇచ్చేవి) అల్యూమినియం. రెక్కను కింది నుంచి మోసే స్ట్రట్టు మళ్లీ స్టీలే. బరువు లెక్క కుదరక బ్యాటరీని సీట్ల వెనక్కి, బాగా తోక వైపు జరిపారు. పనితనంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. వెల్డులు చూస్తే ముచ్చటేసింది.

ప్యానెల్‌లో గుండ్రటి మీటర్ల బదులు ఒక తెర. ముక్కు ఎటు చూస్తోందో ఆ తెరకు చెప్పేది మాగ్నెటోమీటర్. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా. భూమి అయస్కాంత క్షేత్రాన్ని మూడు అక్షాల్లో కొలుస్తుంది. విమానం ఎటు వాలి ఉందో చెప్పే మరో పరికరం లెక్కను దానికి కలిపి తెర హెడింగ్‌ను, అంటే ముక్కు చూసే దిక్కును డిగ్రీల్లో చూపిస్తుంది.

ముందుకు వెళ్లే ముందు ఒక కొలత మనసులో పెట్టుకోవాలి. ఆ ప్రాంతంలో భూమి క్షేత్రం మొత్తం సుమారు 44 మైక్రోటెస్లాలు. అందులో నేలకు సమాంతరంగా పడే భాగం సుమారు 40. దిక్కు చెప్పేది ఆ 40 మాత్రమే. దానికి అడ్డంగా 0.7 మైక్రోటెస్లా పరాయి క్షేత్రం వచ్చి చేరితే హెడింగ్ ఒక డిగ్రీ పక్కకు పోతుంది. పొడవాటి తీగలో 1 ఆంపియర్ కరెంటు పోతుంటే మీటరు దూరంలో 0.2 మైక్రోటెస్లా పుడుతుంది. దూరం సగమైతే అది రెట్టింపు. ఈ కేసులో నేను వాడిన లెక్కలన్నీ ఈ రెండింటి నుంచి వచ్చినవే.

ఫిర్యాదు

"కాలిబ్రేషన్ చేసిన పూట బాగుంటుంది మాస్టారూ, మర్నాటికి ఉండదు" అన్నారు ఫోనులో. కాలిబ్రేషన్ అంటే విమానాన్ని దిక్కు దిక్కుకూ తిప్పి, డబ్బా చూపే లోపాన్ని దానికే నేర్పి దిద్దించడం. అప్పటికి పదకొండుసార్లు చేశారట. ఒకరోజు 9 డిగ్రీల తేడా, ఇంకోరోజు 15. ఒక్కోసారి ఇంజిను స్టార్టు చేసిన కాసేపటికి, విమానం కదలకుండానే, హెడింగ్ తనంతట తాను మెల్లగా పక్కకు జరుగుతుంది. పరికరం చెడిపోయిందని కొత్తది తెప్పించారు. కొత్తది కూడా అదే పాట పాడింది.

డబ్బా ఎక్కడ పెట్టారని అడిగాను. బ్యాగేజీ వెనుక, తోక వైపు, చట్రంలో ఒక అల్యూమినియం పలక మీద. "ఇంజినుకు వీలైనంత దూరం" అన్న సూచన చదివి అలా పెట్టారు. ఆ సూచన తప్పు కాదు. కాకపోతే అల్యూమినియంతోనో ఫైబర్‌తోనో చేసిన విమానాల్లో తోక వైపు ఖాళీగా, ప్రశాంతంగా ఉంటుంది. స్టీలు గొట్టాల విమానంలో ఇంజిను నుంచి పారిపోతే ఇనుప పంజరంలోకే పోతాం.

ఫోనులోనే ఆ చోటు మార్చమని చెప్పేయవచ్చు. చెప్పలేదు. ఉన్న చోట ఏం జరుగుతోందో తెలియకుండా చోటు మారిస్తే, కొత్త చోటు మంచిదో కాదో తేల్చడానికి కొలబద్ద ఉండదు.

మొదటి ప్రయాణం: నేలను నమ్మవచ్చా

విమానాన్ని ముట్టుకునే ముందు ఉత్తరం ఎటుందో నాకు తెలియాలి. ఈయన పదకొండు కాలిబ్రేషన్లూ మిల్లు ఆవరణలోనే చేశారు. నేను రెండు ఉత్తరాలు గీశాను. ఒకటి చేతి దిక్సూచితో. రెండోది శంకువుతో, అంటే నిటారుగా పాతిన వెదురు పుల్లతో. పుల్ల చుట్టూ ఒక వృత్తం గీసి, పొద్దున నీడ కొస వృత్తాన్ని తాకిన చోట ఒక గుర్తు, మధ్యాహ్నం దాటాక మళ్లీ తాకిన చోట ఒక గుర్తు పెట్టాలి. రెండింటినీ కలిపితే తూర్పు పడమరలు వస్తాయి. గుడి కట్టే స్థపతులకు తరతరాలుగా తెలిసిన పద్ధతి ఇది. శంకుస్థాపన అని రోజూ వార్తల్లో చదువుతూ ఆ శంకువు దేనికో మరచిపోయాం.

ఈ పద్ధతి గొప్పతనం దాని పాతదనంలో లేదు. నీడకు ఇనుముతో పనిలేదు, అంతే. పర్లాకిమిడి దగ్గర నిజమైన ఉత్తరానికీ అయస్కాంత ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ కూడా ఉండదు. కాబట్టి నేల శుభ్రంగా ఉంటే రెండు గీతలూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడాలి. మిల్లు ఆవరణలో 7 డిగ్రీల తేడా వచ్చింది. నాలుగడుగులు పక్కకు జరిగి చూస్తే 3.

కారణం కళ్లెదుటే నిలబడి ఉంది. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వచ్చింది. తర్వాత అది గుణుపురం దాకా సాగింది. మన కాలంలో దాన్ని పెద్ద లైనుగా మార్చారు. పాత పట్టాల ముక్కలు ఎలా చేరాయో గాని మిల్లు చుట్టూ కంచె గుంజలయ్యాయి. నేలలో ఇంకెన్ని ఉన్నాయో యజమానికే తెలియదు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. విమానం ముందు చక్రాల దగ్గర తిరుగుతుంది, డబ్బా తోకలో ఉంది. అంటే ప్రతి హెడింగ్‌లోనూ డబ్బా నేల మీద కొత్త చోటికి పోయి నిలబడుతుంది. ఆవరణలోని వంకరను విమానంలోని లోపంగా అది నేర్చుకుంటుంది. పదకొండుసార్లు చేస్తే పదకొండు రకాలుగా నేర్చుకుంది.

సంక్రాంతి దాటింది, నూర్పులు అయిపోయాయి. ఊరి ఉమ్మడి కళ్లం ఖాళీగా ఉంది. మెత్తి, అలికి, గట్టిపడిన చదునైన మట్టి. ఊడ్చి ఊడ్చి మేకు ముక్క కూడా లేని నేల, ఎందుకంటే ఎడ్ల గిట్టల్లో దిగుతుందని రైతు ముందే ఏరేస్తాడు. అక్కడ నీడ గీతకూ దిక్సూచి గీతకూ తేడా ఒక డిగ్రీ లోపే. ఇంతకంటే మంచి కంపాస్ బేస్, అంటే దిక్సూచిని సరిచూసే స్థలం, నేను వైమానిక స్థావరాల్లో కూడా తక్కువ చూశాను. పురికొస, వెదురు మేకులు, సున్నంతో ఎనిమిది దిక్కులూ గీశాం. విమానం వచ్చాక చుట్టూ మూగిన పిల్లలను దూరంగా నిలబెట్టడానికే ఎక్కువ శ్రమ పడ్డాం. వాళ్ల సైకిళ్లను ఇంకా దూరంగా పెట్టించాం.

తోకను ఎత్తి, చెక్క బల్ల మీద సమతలంగా నిలిపి, పాత కాలిబ్రేషన్ తుడిచేసి చూశాం. ఉత్తరంలో 19 డిగ్రీలు ఎక్కువ, తూర్పులో 11 తక్కువ, దక్షిణంలో 17 తక్కువ, పడమరలో 14 ఎక్కువ. అంకెలు భయపెట్టేలా ఉన్నాయి గాని నాకు ధైర్యం వచ్చింది. ఎదురెదురు దిక్కుల్లో లోపం దాదాపు సమానంగా, గుర్తు మాత్రం తిరగబడి ఉంది. పూర్తి చుట్టులో లోపం ఒకసారి పెరిగి ఒకసారి తగ్గితే అది విమానానికి అంటిపెట్టుకున్న అయస్కాంతత్వం. దాన్నే హార్డ్ ఐరన్ అంటారు. చుట్టుకు రెండుసార్లు ఊగితే సాఫ్ట్ ఐరన్, అంటే భూమి క్షేత్రాన్నే వంచే ఇనుము. నాలుగింటి సగటు సున్నాకు దూరంగా ఉంటే డబ్బానే వంకరగా బిగించారని అర్థం. ఇక్కడ సగటు ఒక డిగ్రీ చిల్లర. డబ్బా నేరుగానే ఉంది. దాని పక్కన సుమారు 15 మైక్రోటెస్లాల అయస్కాంతం కూర్చుంది.

మరి ఇలాంటి లోపాన్నే కదా కాలిబ్రేషన్ బాగా దిద్దగలిగేది? దిద్దింది కూడా. ఆ సాయంత్రం ఎనిమిది దిక్కుల్లోనూ లోపం రెండు డిగ్రీల లోపే వచ్చింది. యజమాని ముఖం వెలిగింది. రేపు పొద్దున చూద్దాం అన్నాను.

మర్నాడు పొద్దున

ఇంజిను స్టార్టు చేయగానే హెడింగ్ 10 డిగ్రీలు పక్కకు పోయింది. విమానం అంగుళం కదలలేదు. ఇరవై నిమిషాల్లో మెల్లమెల్లగా వెనక్కి వచ్చింది.

స్టార్టరు తాగిన కరెంటును బ్యాటరీ తిరిగి పుంజుకుంటోంది. మొదట్లో సుమారు 15 ఆంపియర్లు, నిండేకొద్దీ తగ్గుతూ వస్తుంది. ఆ కరెంటు ముందు నుంచి వెనక్కి ఒక్క తీగలో వస్తోంది. తిరుగు దారికి తీగ లేదు, స్టీలు చట్రమే నెగటివ్. తీగ డబ్బాకు 40 సెంటీమీటర్ల దూరంలో ఉంది. 0.2 ఇంటు 15 బై 0.4, అంటే 7.5 మైక్రోటెస్లాలు. లెక్కలో పదిన్నర డిగ్రీలు, తెర మీద 10. లెక్క ఇంత దగ్గరగా కుదిరినందుకు సంతోషించాను గాని, చట్రంలో తిరుగు కరెంటు ఎటు పోతోందో తెలియకుండా అలా కుదరడంలో కొంత అదృష్టమూ ఉందని ఒప్పుకోవాలి.

సాయంత్రం బాగుండి పొద్దున చెడడం ఎందుకో అర్థమైంది. సాయంత్రానికి బ్యాటరీ నిండి ఉంటుంది.

తర్వాత ఇంజిను ఆపి, విమానాన్ని ఒకే దిక్కున నిలిపి, కదిలేవన్నీ ఒక్కొక్కటిగా కదిలించాం. కంట్రోలు కర్రను ముందుకీ వెనక్కీ తోస్తే 3 డిగ్రీలు. ముక్కును పక్కలకు తిప్పే రడ్డరు పెడల్‌కు 2. రెండింటి స్టీలు కేబుళ్లూ, వాటి బిగువు సరిచేసే టర్న్‌బకిళ్లూ డబ్బా పక్క నుంచే పోతాయి. కర్ర మీది ఒత్తిడిని సర్దే ట్రిమ్ మోటారుకు ఒక డిగ్రీ. ఈ పరీక్షకు ఒక పూట చాలు, పరికరాలేవీ అక్కర్లేదు. కాలిబ్రేషన్‌కు ముందే చేయవలసింది ఇది. చోటు మార్చక తప్పదని తేల్చింది కూడా ఇదే.

ఉన్న చోటనే కాపాడే ప్రయత్నం

యజమానికి చోటు మార్చడం ఇష్టం లేదు. గుడ్డ అప్పటికే వేసేశారు, రెక్క విప్పాలంటే గుడ్డ కోయాలి. ఆయన ప్రతిపాదనలో న్యాయం ఉంది. బ్యాటరీకి తిరుగు తీగ వేస్తే కరెంటు గొడవ పోతుంది. తూకానికి ముప్పావు కిలో పైన పెరుగుతుంది, అంతే కదా? చట్రంలోని అయస్కాంతత్వాన్ని తీసేస్తే మిగతాది తగ్గుతుంది కదా?

నేను ఒప్పుకున్నాను. ఎక్కువ నమ్మి కాదు, చౌకగా తేలుతుందని. ఏసీ కరెంటుతో నడిచే కాయిల్‌ను గొట్టాల వెంట మెల్లగా నడిపి, కరెంటు అలాగే ఉంచి దూరంగా లాక్కుపోయాం. కాయిల్‌ను దగ్గర ఉండగానే ఆపితే పాత అయస్కాంతం పోయి కొత్తది పుడుతుంది. స్థిరమైన లోపం సగానికి తగ్గింది. మూడు వారాలు అలాగే ఉంది. తర్వాత తోక చక్రం బ్రాకెట్టుకు చిన్న పగులు వచ్చిందని వెల్డు చేశారు. ఎర్త్ క్లాంపును అందుబాటుగా ఉందని చట్రం మధ్యలో తగిలించారు. వెల్డింగ్ కరెంటు ఆ గొట్టాల్లోంచే పోయింది. లోపం మళ్లీ మొదటికి వచ్చింది. గుడ్డ కోయడానికి ఆయన ఒప్పుకున్నది ఆ రోజే.

నా తప్పు

స్టీలు చట్రం లేని చోటు రెక్క ఒక్కటే. తోక మీద నిలువుగా ఉండే ఫిన్ పైభాగం స్టీలు గొట్టమే. కేబిన్ కప్పు దగ్గర హెడ్‌సెట్లూ ఫోనులూ ఉంటాయి, వాటి స్పీకర్లలో అయస్కాంతాలు. రెక్కలో ఎక్కడ అన్నదే ప్రశ్న. రెక్క కొస అందరూ మొదట అనుకునే జవాబు. నేనూ అదే అనుకున్నాను.

ఎడమ రెక్కను విప్పి కళ్లానికి మోయించి, చెక్క బల్లల మీద పెట్టాం. ఫోనులోని మాగ్నెటోమీటర్‌ను వెదురు కర్ర కొసకు కట్టి రిబ్బు రిబ్బుకూ కొలిచాను. ఫోను చూపే దిక్కులను నమ్మలేం, అందులోని సొంత అయస్కాంతాలకు అది తనకు తోచినట్టు సర్దుకుంటూ ఉంటుంది. అందుకని మొత్తం క్షేత్రం అంకె ఒక్కటే రాసుకున్నాను. స్ట్రట్టు బిగించే చోట 44 నుంచి చాలా దూరం పోయింది. కొస దగ్గర 44 మీద నిలబడింది, తేడా ఒక మైక్రోటెస్లా కూడా లేదు. ఐలరాన్‌ను, అంటే విమానాన్ని పక్కకు వాల్చే రెక్క వెనుక అంచు పలకను, పూర్తిగా పైకీ కిందికీ ఆడించమన్నాను. అంకె కదలలేదు. ఇదే చోటు అన్నాను.

బిగించి, తీగ లాగి, రెక్క ఎక్కించి తెర వెలిగిస్తే, ఐలరాన్ ఆడించినప్పుడల్లా హెడింగ్ 3 డిగ్రీలు ఊగింది. కొసన ఐలరాన్‌కు బరువు సరిపెట్టే ముద్ద ఉంది. సీసం అనుకున్నాను, స్టీలు. సరే, స్టీలే అనుకుందాం. కళ్లంలో ఎందుకు పట్టుబడలేదు?

ఆ రాత్రి కాగితం మీద గీసి చూస్తే గాని బుర్రకు ఎక్కలేదు. భూమి క్షేత్రానికి సరిగ్గా అడ్డంగా 2.1 మైక్రోటెస్లాలు చేరిందనుకుందాం. మొత్తం క్షేత్రం 44 నుంచి 44.05కు మారుతుంది. ఫోను అంకె అంతకంటే ఎక్కువగా ఊరికే వణుకుతూ ఉంటుంది. దిక్కు మాత్రం మూడు డిగ్రీలు తిరిగిపోతుంది. తాడును పక్కకు లాగితే పొడవు మారదు, చూపే వైపు మారుతుంది. నేను రోజంతా తాడు పొడవు కొలిచాను.

దీనికి తోడు ఇంకొకటి. అప్పటికి రెక్క కొసన నావిగేషన్ లైటుకు తీగ వేయలేదు. వేశాక చూస్తే పాతకాలపు ఫిలమెంట్ బల్బు, 2 ఆంపియర్లు, తీగ డబ్బాకు 7 సెంటీమీటర్ల దూరం, తిరుగు దారి మళ్లీ రెక్క లోహమే. లైటు వేస్తే 8 డిగ్రీలు. పగలు సరిగా ఉండి రాత్రి తప్పు చెప్పే దిక్సూచిని స్వయంగా తయారుచేశాను. యజమాని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మళ్లీ మొదటి నుంచి

రెండోసారి ఫోనును పక్కన పెట్టాను. అసలు డబ్బానే పొడవాటి తీగతో కర్రకు కట్టి, మూడు అక్షాల అంకెలూ విడివిడిగా చదివాను. రెక్క విమానానికి బిగించి ఉండగా, తీగలన్నీ వేసి, ఇంజిను నడుస్తుండగా కొలిచాను. ప్రతి చోటుకూ రెండు అంకెలు రాశాను. ఒకటి, అన్నీ కదలకుండా ఉన్నప్పుడు పరాయి క్షేత్రం ఎంత. రెండు, అన్నీ కదిలించినప్పుడు అది ఎంత మారుతుంది. మొదటిసారి నేను మొదటి అంకెను చూసి ఎంచుకున్నాను. ఈసారి రెండో దాన్ని చూసి ఎంచుకోవాలని నిశ్చయించుకున్నాను. కదలని తప్పును కాలిబ్రేషన్ మింగేస్తుంది. కదిలే తప్పు ముందు దానికి నోరు లేదు.

కొస దగ్గర మొదటి అంకె 0.8 మైక్రోటెస్లా, రెండోది 6 దాటింది. స్ట్రట్టు పక్కన మొదటిది 20కి పైగా. అక్కడ రెండోది తక్కువే గాని, అంత పెద్ద లోపాన్ని దిద్దాక మిగిలే చిల్లర కూడా పెద్దదే. ఎండకు కాగి చల్లారినా, గట్టిగా దిగి కుదుపు తగిలినా స్టీలు అయస్కాంతత్వం కాస్త మారుతుంది. 20లో పదో వంతు మారినా 2, అంటే మూడు డిగ్రీలు. మధ్యలో, స్ట్రట్టుకు సుమారు 70 సెంటీమీటర్లు బయట, ముందు స్పార్‌కు ముందున్న గదిలో మొదటి అంకె 3.4, రెండోది 0.2. ఐలరాన్ కేబుళ్లు వెనుక స్పార్ వెంట పోతాయి, వాటికి అది అర మీటరు దూరం. కేబులు తన పొడవునే జారుతుంది కాబట్టి మధ్య భాగం పెద్దగా హాని చేయదు. కీడంతా కొసల్లోని ఫిట్టింగులది, అవి ఆ గదికి దూరం.

కొసతో పోలిస్తే నాలుగు రెట్లు ఎక్కువ పరాయి క్షేత్రం ఉన్న చోటు ఎందుకు మంచిదో యజమానికి చెప్పడానికి కాసేపు పట్టింది. "గడియారం రోజూ సరిగ్గా పది నిమిషాలు ముందుంటే మీరు రైలు తప్పిపోరు కదా" అన్నాను. "మా లైనులో రైలే సమయానికి రాదు మాస్టారూ" అన్నారు. ఒప్పుకున్నట్టే లెక్క.

బిగింపు

లైటు తీగలను పురి పెట్టిన జతగా మార్చాం. పోయే కరెంటూ వచ్చే కరెంటూ పక్కపక్కనే పెనవేసుకుంటే వాటి క్షేత్రాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. చోటు మారింది కదా, ఇదెందుకని యజమాని అడిగారు. రేపు ఎవరో ఇంకో దీపం తగిలిస్తారు, ఉన్న తీగనే వాడుకుంటారు, అందుకు. బ్యాటరీకి తిరుగు తీగ మాత్రం వేయలేదు. ఆ గది దగ్గర దాని ప్రభావం కొలతకు అందలేదు. ముప్పావు కిలో మిగిలింది.

రెక్క కొద్దిగా పైకి లేచి ఉంటుంది కాబట్టి రిబ్బుకు నేరుగా బిగిస్తే డబ్బా ఒరిగినట్టే. ప్లైవుడ్ చీలికతో సమతలం చేశాం. ఇక్కడ మన అక్షాంశం కాస్త కనికరించింది. పర్లాకిమిడి దగ్గర భూమి క్షేత్రం నేలలోకి 25 డిగ్రీల చుట్టుపక్కల వాలి ఉంటుంది. డబ్బా 2 డిగ్రీలు పక్కకు ఒరిగితే హెడింగ్‌లో దాదాపు ఒక డిగ్రీ పోతుంది. అదే ఒరుగుడు లండన్ దగ్గరైతే, అక్కడ వాలు 66 డిగ్రీలు, నాలుగున్నర డిగ్రీలు మింగేస్తుంది. పైగా అక్కడ సమాంతర భాగం మనకున్న దానిలో సగమే. విదేశీ పుస్తకాల్లో ఈ ఒరుగుడు గురించి అంత కఠినంగా ఎందుకు రాస్తారో దీంతో తెలుస్తుంది. అలాగని మనం ఏమరవచ్చని కాదు. చీలికను పావు డిగ్రీ లోపుకు చెక్కించాను.

స్క్రూల కథ వేరు. బజారు నుంచి ఇత్తడి స్క్రూలు తెచ్చారు. పసుపు రంగులో తళతళలాడుతున్నాయి. దారానికి కట్టిన అయస్కాంతం ముక్కను దగ్గరకు తెస్తే టక్కున అంటుకుంది. ఇనుముకు ఇత్తడి పూత. స్టెయిన్‌లెస్ అన్నవి కూడా కొన్ని అంటుకుంటాయి. మెలితిప్పి, వంచి తయారుచేసిన స్టెయిన్‌లెస్‌కు ఆ గుణం కొంత వస్తుంది. చివరికి బరంపురంలో లేత్ మీద ఇత్తడి కడ్డీ నుంచి చేయించాం. ఈ అయస్కాంతం ముక్కను మాత్రం స్టీలు చట్రం దగ్గరికి తీసుకుపోకూడదు. నేను దాన్ని చొక్కా జేబులో వేసుకుని విమానం చుట్టూ తిరిగిన రోజు కూడా ఒకటి ఉంది. ఆ పూట కొలతలన్నీ కొట్టేశాను.

ఫలితం

కళ్లంలో మళ్లీ ఎనిమిది దిక్కులు. కాలిబ్రేషన్‌కు ముందు లోపం 5 డిగ్రీల దాకా ఉంది, తర్వాత ఒక డిగ్రీ దాటలేదు. అసలు పరీక్ష మర్నాడు పొద్దున. చల్లటి ఇంజిను, తగ్గిన బ్యాటరీ. స్టార్టు చేశాం. హెడింగ్ కదలలేదు. లైట్లు, పంపు, రేడియో, ట్రిమ్, మూడు కంట్రోళ్లూ అంచుల దాకా. కదలలేదు. వారం ఆగి చూశాం. అప్పటికీ అంతే.

గాలిలో పరీక్ష పైలట్ చేశాడు. తెల్లవారుజామున గాలి నిలిచిన సమయంలో నాలుగు వైపులా, ప్రతి వైపూ ఎదురెదురుగా రెండుసార్లు ఎగిరి, హెడింగ్‌ను జీపీఎస్ చూపే దారితో పోల్చాడు. ఎదురెదురుగా ఎందుకంటే, ఉన్న కాస్త గాలి విమానాన్ని ఒకసారి ఎడమకు నెడితే తిరుగు దారిలో కుడికి నెడుతుంది. సగటులో గాలి పోతుంది, కానీ ఎదురెదురు దిక్కుల్లో గుర్తు తిరగబడే లోపం కూడా దాంతో పోతుంది కాబట్టి గాలి నిలిచిన సమయమే ముఖ్యం. తేడా ఎక్కువలో ఎక్కువ 2 డిగ్రీలు.

తర్వాత ఇలాంటి పని వచ్చినప్పుడు నా వరుస మారింది. మొదట నేల, తర్వాత కదిలేవి, చివర్లోనే కాలిబ్రేషన్. రెక్కను విడిగా కొలవడం మానేశాను. తీగలు లేని రెక్క, ఇంజిను ఆగిన విమానం మనకు మర్యాదగా అబద్ధం చెబుతాయి. ఇంకా గుడ్డ వేయని వాళ్లు సలహా అడిగితే, డబ్బా చోటు తేలే దాకా ఆ గది మూయవద్దని చెబుతున్నాను. ఈ కేసులో డబ్బా ఖర్చు కంటే గుడ్డ కోసి మళ్లీ అతికి రంగు వేసిన ఖర్చు ఎక్కువైంది.

వానాకాలం వెళ్లాక మళ్లీ ఫోను వచ్చింది. హెడింగ్ 4 డిగ్రీలు తప్పుతోందట, అన్ని పూటలా ఒకేలా. ఒకేలా అన్న మాట వినగానే కుదుటపడ్డాను. కరెంటు కాదు, కేబులు కాదు, ఎవరో ఏదో తెచ్చి పెట్టారు. వెళ్లి చూస్తే, తనిఖీ మూత తీసి తుడిచిన కుర్రాడు రెండు ఇత్తడి స్క్రూలు గడ్డిలో పోగొట్టుకుని, వాటి చోట మామూలువి బిగించాడు. డబ్బాకు ఆరు సెంటీమీటర్ల దూరం. మార్చగానే సరిపోయింది. ఇప్పుడు ఆ మూత మీద ఎర్ర రంగుతో, తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి, ఇనుము వద్దు అని రాసి ఉంది. రాసింది ఆ కుర్రాడే.